పదకొండో పంట

మాడ్ అంటే ఏమిటో నాకు నలభై తొమ్మిదో ఏట తెలిసింది. అంతవరకు నాకు తెలిసిన ఆటలన్నీ మా అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లల చేత ఆడించేవే. కంప్యూటర్లో రాజ్యాలేలే ఆటలుంటాయనీ, ఆడేవాళ్ళే వాటికి తమకు నచ్చిన అదనపు ముక్కలు తయారుచేసి తగిలించుకుంటారనీ, ఆ ముక్కలనే మాడ్‌లంటారనీ చెబితే, రెడీమేడ్ జాకెట్టుకు మనం చేతులు మార్చి కుట్టుకున్నట్టన్నమాట అనుకున్నాను. ఇప్పటికీ నా లెక్క అదే. నఫీసా నవ్వుతుంది గాని కాదనదు.

నఫీసా కాకినాడలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. ముప్పై రెండేళ్ళ పిల్ల. డాక్టరే గాని మందుచీటీ రాసే డాక్టరు కాదు, మెదడులో పుట్టే సంకేతాలను చదివే డాక్టరు. మా ఆయన ఏసుపాదానికి పక్షవాతం వచ్చిన ఏడో నెలలో ఆమె దగ్గరికి చేరాం.

మా ఆయన నీటిపారుదల శాఖలో లస్కరు. పాలకొల్లు అవతల మా కాలువ మీద పద్నాలుగు తూములు ఆయన చేతిలో ఉండేవి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎన్ని అంగుళాలు ఎత్తాలో, ఎవరి వంతు ఎప్పుడో ఇరవై ఆరేళ్ళు ఆయనే చూశారు. అలాంటి మనిషి ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ పెరట్లో పడిపోయారు. కుడి కాలూ చెయ్యీ పోయాయి. మాట పోయింది. ఎడమ చెయ్యి కదులుతుంది గాని చెప్పిన పని చెయ్యదు, దాహమేస్తే దుప్పటి లాగుతుంది. నీళ్ళు కావాలా అంటే తల ఊపుతారు. వద్దా అన్నా అలాగే ఊపుతారు. ఎదురుగా ఉన్న మనిషి ఏం కావాలంటున్నాడో తెలియకుండా ఏడు నెలలు కాపురం చెయ్యడం ఎలాంటిదో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

నఫీసా రెండు రోజులు పరీక్షలు చేసి నన్ను పక్కకు పిలిచింది.

“అక్కా, మాట తయారయ్యే చోటు చెక్కుచెదరలేదు. మీరు అనేవన్నీ ఆయనకి అర్థమవుతున్నాయి. మాట బయటికొచ్చే దారే తెగింది.”

“గండి పడిందన్నమాట.”

“ఆఁ, గండే. మనం పక్కనించి చిన్న కాలువ తవ్వుదాం.”

ఆ చిన్న కాలువ పేరు తలపట్టీ. మెత్తటి రబ్బరు పట్టీ, లోపలివైపు శనగగింజలంత లోహపు బొడిపెలు. మనసులో ‘ఇది కావాలి’ అనుకుంటే పట్టీ దాన్ని పసిగట్టి కంప్యూటర్‌కు చెబుతుంది. అయితే ఆ మనిషి ఆలోచన తీరు పట్టీకి పట్టుబడాలంటే ఆయన రోజూ కొన్ని వందలసార్లు ఇది కావాలి, అది వద్దు అని తేల్చుకోవాలి. ముందు బొమ్మలు చూపించి తేల్చుకోమన్నారట. పేషెంట్లు మూడో రోజుకే విసుగెత్తి కళ్ళు మూసేసుకున్నారట. అప్పుడు నఫీసాకు ఆట ఆలోచన వచ్చింది.

ఆట పేరు రాజ్యతంత్రం. మనమే రాజు. ఊళ్ళు కట్టాలి, ధాన్యం నిలవ చెయ్యాలి, పక్క రాజు మీదికొస్తే కాచుకోవాలి. ఒక్కో పంటకాలం ఒక్కో ఎత్తు. రాజు ఆజ్ఞ ఇచ్చేదాకా ఆ రాజ్యంలో పొద్దు కూడా పొడవదు, ఎంతసేపైనా ఆగుతుంది. దానికి నఫీసా నాలుగు మాడ్‌లు తగిలించింది. ఒకటి ఆటను తెలుగులోకి మారుస్తుంది. రెండోది ఎవరో డెల్టా అభిమాని చేసిన కాలువల మాడ్, దాంతో రాజ్యంలో తొమ్మిది తూముల కాలువ వస్తుంది. మా ఆయన కోసమే వెతికి పెట్టింది. మూడోది తలపట్టీని ఆటకు కలిపే మాడ్. నాలుగోది నఫీసా స్వయంగా తయారుచేసినది. దాని పేరు ఊతం. ఆయన ఒక మాట సగం అనుకుని అలిసిపోతే మిగతా సగాన్ని అది ఊహించి పూర్తిచేస్తుంది.

ఆటలో ఇచ్చే ఆజ్ఞే కాదు, ఆయన మాతో అనదలచుకున్న మాటనైనా కంప్యూటర్ పైకి పలుకుతుంది, అందుకు ఆయన గొంతే పెట్టింది. తొమ్మిదేళ్ళుగా రైతుల వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టిన వాయిస్ మెసేజీలు నా ఫోన్లో వందలున్నాయి. “రైతులకి మనవండి, ఆరో నెంబరు తూముకి వంతు రేపు పొద్దున్నించండి” అని. అవన్నీ ఇచ్చాను.

పరిశోధనశాలలో మొదటి రోజు తెర మీద మంత్రి వంగి నిలబడ్డాడు. “మహారాజా, ఈ పంటకు ఏమి ఆజ్ఞ?” అని అడిగాడు. కింద మాటల వరస. మా ఆయన నుదుటి మీద చెమట పట్టింది. పది నిమిషాలు గడిచాయి. అప్పుడు కంప్యూటర్ పక్కనున్న చిన్న పెట్టె ఆయన గొంతుతో, “నీళ్ళు,” అంది.

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. నఫీసా నాకు మంచినీళ్ళిచ్చి తనూ కళ్ళు తుడుచుకుంది.

పదిహేను రోజుల తర్వాత కంప్యూటర్నీ పట్టీనీ మా ఇంటికిచ్చి పంపారు. ఇక్కడ మొదలైంది నా చదువు. నాలుగో రోజున ఆటకు కొత్త వెర్షన్ వచ్చిపడింది. తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి. మంత్రి వంగి నిలబడి డబ్బాలు మాట్లాడుతున్నాడు. నఫీసాకు ఫోన్ చేశాను.

“మాడ్‌లన్నీ తీసేసి మళ్ళీ ఒక్కొక్కటే పెట్టండక్కా. ఒకటి పెట్టగానే ఆట తెరిచి చూడండి. అన్నీ ఒకేసారి పెడితే ఏది దేంతో కొట్టుకుంటందో తెలీదు.”

“ఒక్కొక్కటీ అంటే పొద్దు గూకిపోద్దమ్మా.”

“గూకనివ్వండి.”

పొద్దు నిజంగానే గూకింది. మాడ్ ఉన్న జిప్ ఫైలు విప్పితే సంచిలో సంచి వచ్చింది. ఆటకు కావలసింది లోపలి సంచి, నేను పెట్టింది పై సంచి. ఆ సంగతి తెలుసుకోవడానికే ఒక పూట పట్టింది. తర్వాత వరస. మాడ్‌ల జాబితాలో ఏది పైన, ఏది కింద ఉండాలన్నది ముఖ్యమట. రెండు మాడ్‌లు ఒకే పని మీద రెండు రకాలుగా చెబితే, జాబితాలో కింద ఉన్నదాని మాటే చెల్లుతుందట.

“అందుకని తలపట్టీ అన్నిటికంటే కింద ఉండాలక్కా. ఊతం దాని మీద ఉండాలి. ఈ ఒక్కటీ మర్చిపోవద్దు.”

కేంద్రంలో గుడ్ల రిజిస్టరు వెనక అట్ట మీద ఆ వరస రాసుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి నాకు చేతనైనంత పని మా వీధిలో ఎవరికీ చేతకాదు. ఆట తెరుచుకోకపోతే ఏ ఫైలు తుడవాలో, ఏ మాడ్ ఏ వెర్షన్‌తో పొసగదో నోటికొచ్చేసింది. ఆ ఆట ఆడేవాళ్ళ చర్చావేదికలో చేరి తప్పుల తడక ఇంగ్లీషులో ప్రశ్నలడిగేదాన్ని. వాళ్ళు నన్నెవరనుకున్నారో గాని ఓపిగ్గా చెప్పేవాళ్ళు.

ఒక్క బాధ మాత్రం తగ్గలేదు. మా ఆయనకు ఒక్కో మాటకు పది నిమిషాలు, పావుగంట. ఒక మధ్యాహ్నం మాట సగంలో ఉండగా ఆయన ప్రయత్నం మానేశారు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తబోతే అది దుప్పటి పట్టుకుంది.

పక్కనే సాయం చేసే మాడ్ ఉందిగదా, అది ఇంకాస్త గట్టిగా సాయం చేస్తే ఏం పోయింది అనిపించింది. జాబితా తెరిచాను. ఊతాన్ని మౌసుతో పట్టుకుని ఒక్క గీత కిందికి, తలపట్టీ కిందికి జరిపాను. నఫీసాకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు.

ఆట మళ్ళీ తెరుచుకుంది. నిమిషం కూడా కాలేదు.

“కరుణా, అన్నం తిన్నావా?” అంది పెట్టె.

నేను తినలేదు. మూడున్నరయింది, నిజంగానే తినలేదు. “తింటానండీ, ఇప్పుడే తింటాను,” అని పరుగెత్తి కంచం తెచ్చుకుని ఆయన ముందే కూర్చుని తిన్నాను. ఏడుస్తూ తిన్న అన్నం అంత రుచిగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాతి ఆరు వారాలూ మా ఇంట్లో పండగే. చూడ్డానికొచ్చిన రైతులను, “ఏం బాబాయ్, నాట్లయ్యాయా?” అని పలకరించేవారు. కూర బాగుందనేవారు. నేను కట్టుకున్న చీర బాగుందనేవారు. నేను ఏమన్నా సరేననేవారు. పాతికేళ్ళ కాపురంలో ఎరగని సుఖమిది. మా ఆయన మంచివాడే గాని మొండివాడు, ఏదైనా నన్నడుగుతారు, నేను చెప్పింది చివరిదాకా వింటారు, తర్వాత తను అనుకున్నదే చేస్తారు. పక్షవాతం మనిషిని మెత్తబరిచిందనుకున్నాను.

ఒక సాయంత్రం దీపం వెలిగించి ప్రార్థన చేసుకుని లేస్తుంటే పెట్టె, “కరుణా, నువ్వు లేకపోతే నేనెప్పుడో మట్టిలో కలిసిపోయేవాణ్ణి,” అంది. ఆయన వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నారు. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. దేవుడు నా భర్తకు మాట తిరిగిచ్చాడని, ఆ మాట ఏమిటో కూడా అందరి ముందూ చెప్పాను. ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు.

కాకినాడలో నఫీసా సంబరం నా సంబరానికి తీసిపోలేదు. ఆటలో మా ఆయన గెలుపులు ఆమె పేషెంట్లలో ఎవరికీ లేవట. మాటల వేగం ఇరవై రెట్లయిందట. “మీ ఫలితాలు ఢిల్లీ పంపించానక్కా. ఈ పద్ధతిని ఆస్పత్రులకి ఇవ్వొచ్చంటారేమో!” అంది.

అప్పటిదాకా ఆడినవన్నీ పది పంటలతో ముగిసే చిన్న ఆటలు. పెద్ద ఆటకు మారాక అది ఆగిపోవడం మొదలుపెట్టింది.

ఎప్పుడూ ఒకే చోట. పదకొండో పంట. కాలువల మాడ్‌లో పదకొండో పంటకు నీటి ఎద్దడి వస్తుంది, చెరువులు సగమే నిండుతాయి. మంత్రి వంగి ఏమి ఆజ్ఞ అంటాడు. అంతే, తెర బిగుసుకుపోతుంది. కొత్తగా మొదలుపెట్టినా పది పంటలూ సాఫీగా గడిచి పదకొండో దాని దగ్గర మళ్ళీ అదే తంతు. ఆట ఆగితే పెట్టె కూడా మూగబోతుంది. ఆయన మాట మళ్ళీ పోతుందేమోనని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

చర్చావేదికలో అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు. సగం మాడ్‌లు ఆపు. ఆగకపోతే తప్పు ఆపిన సగంలో ఉంది, ఆగితే మిగిలిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్ళీ సగం చెయ్యి. శుక్రవారం కేంద్రానికి సెలవు పెట్టి కూర్చున్నాను. తెలుగును ఆపి చూశాను, ఆట ఆగింది. కాలువలను ఆపితే ఆగలేదు గాని కాలువలు లేకపోతే ఎద్దడీ లేదు, అది లెక్కలోకి రాదు. చివరికి ఊతం ఒక్కదాన్ని ఆపాను. ఆపి, పదో పంట దగ్గర దాచిన ఆట తెరిచాను.

పదకొండో పంట వచ్చింది. ఆగలేదు. మంత్రి అడిగాడు. మా ఆయన కళ్ళు చిట్లించారు. గడియారం చూడకూడదనుకున్నాను గాని చూశాను, ముప్పై ఐదు నిమిషాలు. తెర మీద కాలువ వెంట వెలుగు ఒక తూము నుంచి ఇంకో తూముకు నత్తలా జరుగుతూ పోయి తొమ్మిదో తూము దగ్గర నిలబడింది. తొమ్మిదో తూము ఎత్తమని రాజాజ్ఞ అయింది.

తొమ్మిది అంటే శివారు. కాలువ చిట్టచివర.

నాకు నవ్వొచ్చింది ముందు. మా ఆయనే, అచ్చం మా ఆయనే. నీళ్ళు తక్కువైన ఏడాది లస్కరులందరూ ఎగువ తూము ముందెత్తి, మిగిలింది దిగువకు వదులుతారు. ఈయన అలా చెయ్యరు. శివారు పొలం తడిసిందని సైకిలేసుకుపోయి కళ్ళారా చూసొచ్చాకే ఎగువ తూము మీద చెయ్యి వేస్తారు. ఎగువ రైతులు తిట్టారు, ఒకసారి సైకిల్ని కాలువలో పడేశారు. పై అధికారులు కూడా ఇదేం పద్ధతని అడిగారు. “ఎగువోడు ఎలాగైనా తోడుకుంటాడండీ. శివారోడికి నేను తప్ప ఎవడున్నాడు?” అనేవారు. ఒక్క ఏడాది కూడా మార్చలేదు.

నవ్వు ఆగాక ఇంకో ఆలోచన వచ్చింది. ఆరు వారాలుగా దాచిన ఆటలన్నీ తెరిచాను. ఒక్కొక్కటే చూశాను. ప్రతి ఆటలోనూ, ప్రతి పంటకూ, ముందెత్తింది ఒకటో తూము. ఎగువ తూము. ఒక్కసారి కూడా శివారు ముందు లేదు.

గెలిచిన ఆటలన్నీ ఎవరో ఇంకొకరు ఆడారు.

ఫోన్ తీసి నఫీసాకు అంతా చెప్పాను, గీత జరిపిన సంగతితో సహా. “రేపు వస్తున్నానక్కా,” అని పెట్టేసింది.

మర్నాడు పదింటికల్లా వచ్చింది. చెప్పులు విడిచి ముందు ఆయన దగ్గరికెళ్ళి, “ఎలా ఉన్నారు సార్?” అని అడిగి, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆట తాను చేసిందంతా ఒక ఫైల్లో వరస వరసగా రాసుకుంటుంది. దాన్ని తెరిచింది. నేను ఆమె భుజం మీద నుంచి చూశాను.

ఆయన ఆజ్ఞ: తొమ్మిదో తూము. ఊతం ఆజ్ఞ: ఒకటో తూము. చెల్లినది: ఊతం.

ఫైలును కిందికి జరిపి చూస్తే మళ్ళీ అదే. జరిపేకొద్దీ అదే.

“ఆయన ప్రతిసారీ తొమ్మిదే అన్నారక్కా. ఊతం కింద ఉంది కాబట్టి దాని మాటే చెల్లింది. మామూలు పంటల్లో కాసేపు పట్టుబట్టి వదిలేసేరు. ఎద్దడి వచ్చేసరికి వదల్లేదు. ఇది ఎత్తమంటే ఆయన దించమంటం, ఆయన ఎత్తమంటే ఇది దించమంటం. ఆటకి దిక్కు తోచక ఆగిపోయింది.”

“అంటే ఆట చెడిపోలేదు.”

“లేదక్కా. ఆయన ఒప్పుకోలేదు. అంతే.”

నేను ఆయన వైపు తిరగలేకపోయాను. అడగాల్సింది ఇంకొకటి ఉంది.

“మాటలు కూడా రాసుంటాయా అందులో?”

“ఉంటాయి. చూడాలా?” నఫీసా నా చెయ్యి పట్టుకుంది. “చూడకపోయినా ఏం కాదక్కా.”

“చూపించమ్మా.”

అన్నం తిన్నావా అన్న మాట మొట్టమొదట ఉంది. ఆయన నుంచి వచ్చింది: కరుణ. మిగతాది: ఊతం. కూర బాగుందన్నది: కరుణ, మిగతాది ఊతం. చర్చిలో నేను సాక్ష్యం చెప్పిన మాట దగ్గరికి వచ్చాం. కరుణ. మిగతాది ఊతం.

ఆరు వారాల్లో ఆయన నన్ను మూడువందల నలభై సార్లు పిలిచారు. పిలిచింది ఆయనే. దేనికి పిలిచారో చెప్పేలోపు ఆ మాడ్ ఒక తియ్యటి మాట నా చేతిలో పెట్టి పంపేసింది. నేను మురిసిపోయి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మూడువందల నలభై సార్లు వెళ్ళిపోయాను.

నఫీసా మెల్లగా అంది, “తప్పు మీదొక్కరిదే కాదు. అంకెలు పెరిగితే ఎందుకు పెరిగాయని నేను చూడాలి. చూళ్ళేదు, మురిసిపోయాను. ఢిల్లీ పంపించిన ఫలితాలన్నీ వెనక్కి తీసుకుంటాను.”

“ఆ గీత పైకి జరిపేస్తే మళ్ళీ మొదటిలాగే ఉంటుందిగా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “ఆయన సంకేతం సగానికి పడిపోయిందక్కా. ఎంత అనుకున్నా చెల్లనప్పుడు మెదడు కూడా ఊరుకుంటుంది. ఇప్పుడు పైకి జరిపితే పది నిమిషాలు కాదు, ఒక మాటకి గంట పట్టచ్చు. కొన్నాళ్ళు అసలు రాకపోవచ్చు. తిరిగొస్తుందని నేను మాటివ్వలేను.” జాబితాలో ఊతం ఉన్న చోటు వేలితో చూపించింది. “కిందే ఉంచితే ఆట ఆగకుండా సరిచెయ్యగలను. ఆయన మాట వినపడకుండా చెయ్యడమే ఆ సరిచెయ్యడం. పెట్టె ఎప్పట్లాగే మాట్లాడతుంది.”

నిజం చెబుతాను. ఆ క్షణంలో నాకు పెట్టె మాటలే కావాలనిపించింది. అవి ఆయనవి కావని తెలిశాక కూడా. ఆ గొంతు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఏడు నెలలు చూసినదాన్ని.

“నన్నడుగుతావేంటమ్మా, ఆయన్నడుగు,” అన్నాను.

నఫీసా ఊతాన్ని పూర్తిగా ఆపింది. తెర మీద మంత్రిని తీసేసి రెండు మాటలు పెట్టింది: పైకి, కిందే. పక్కన అక్షరాల వరసలు కూడా ఉంచింది. ఆయన కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని జరిగిందంతా, నేను చేసినదీ తను చెయ్యనిదీ, ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. తర్వాత ముగ్గురం తెర చూస్తూ కూర్చున్నాం.

వెలుగు కదలడానికే చాలాసేపు పట్టింది. కదిలి పైకి అన్నదాని మీదికీ పోలేదు, కిందే అన్నదాని మీదికీ పోలేదు. అక్షరాల్లోకి పోయింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చింది. నఫీసా లేచి ఆపి వచ్చింది. గంటంపావుకు రెండు అక్షరాలు పడ్డాయి.

నీకు.

“నీకేది ఇష్టం అని అడుగుతున్నారక్కా,” అంది నఫీసా.

నేను కుర్చీ దగ్గరికి వెళ్ళాను. అబద్ధం చెబుదామనుకున్నాను గాని ఆయన కళ్ళలోకి చూస్తే నోరు రాలేదు. “నాకు కిందే ఇష్టమండీ. ఆ మాటలు నాకు బాగున్నాయి. మీరు పడే కష్టం నేను చూళ్ళేను. కిందే ఉంచుదాం,” అన్నాను.

ఆయన నన్ను చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత తెర వైపు తిరిగారు. వెలుగు మళ్ళీ బయల్దేరింది. నలభై నిమిషాలకు పైకి అన్న మాట మీదికి చేరి అక్కడ ఆగిపోయింది.

నన్నడిగారు, నేను చెప్పింది చివరిదాకా విన్నారు, తను అనుకున్నదే చేశారు. నేను ఏడుస్తూ ఏడుస్తూ పకపకా నవ్వేశాను. నా మొగుడు నాకు దొరికాడు. ఆరు వారాలుగా ప్రతి మాటకూ సరేనన్నవాడు ఈయన కాదు, ఈయన కాదు.

“మీరే జరపండక్కా,” అంది నఫీసా లేస్తూ. జాబితా తెరిచి ఊతాన్ని ఒక గీత పైకి నేనే జరిపాను.

ఆదివారం చర్చిలో మళ్ళీ లేచి నిలబడి, పోయినసారి చెప్పిన మాట నా భర్తది కాదని చెప్పాను. అది చెప్పడం కష్టమైంది. కొందరికి అర్థం కాలేదు, కొందరు జాలిపడ్డారు. ఇంట్లో పెట్టె మాట్లాడలేదు. సోమవారం లేదు, మంగళవారం లేదు. ఆయన రోజూ పట్టీ పెట్టుకుని కూర్చునేవారు, నేను పక్కన కూర్చునేదాన్ని. నఫీసా రోజూ ఫోన్ చేసేది. ఏమైనా వచ్చిందా అని అడిగేది కాదు. ఇద్దరూ భోంచేశారా అని అడిగేది.

శుక్రవారం పొద్దున్న కేంద్రానికి బయల్దేరుతూ తాళం చెవి వెతుక్కుంటున్నాను.

“కరుణ,” అంది పెట్టె.

సంచి కింద పెట్టేశాను. ఆయన ముందు పీట వేసుకుని కూర్చున్నాను. “ఏంటండీ?” అన్నాను. ఆయన కళ్ళు చిట్లించారు. కేంద్రంలో ఆయాకు ఫోన్ చేసి, పిల్లలకు గుడ్లు నువ్వే పెట్టెయ్యి, నేను ఎప్పుడొస్తానో తెలీదన్నాను. తొందరపెట్టలేదు. ఇదా అదా అని ఊహించి చెప్పలేదు. బయట పాలబండి వచ్చి వెళ్ళింది. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

ముప్పై ఎనిమిది నిమిషాలకు పెట్టె, “కాలు,” అంది.

ఎన్నాళ్ళుగా నొప్పి పెడుతోందో నేను అడగలేదు. ఏ కాలో చెప్పడానికి ఇంకో అరగంట పడుతుంది. రెండూ ఒళ్ళోకి తీసుకుని నొక్కడం మొదలుపెట్టాను.